పెంపుడు జంతువుల తెల్ల రక్తకణాలు, అంటువ్యాధులు: పరిశోధన చరిత్ర

కుక్క, పిల్లి వంటి పెంపుడు జంతువులకు సోకే రోగక్రిములను వాటి తెల్ల రక్తకణాలు ఎలా ఎదుర్కొంటాయో, కొన్ని క్రిములు ఆ కణాల్లోనే ఎలా కాపురం పెడతాయో పరిశీలించేది పశువైద్యంలో ఒక శాఖ. ఇది ఆలస్యంగా ఎదిగింది. ఎద్దు సేద్యానికి, గేదె పాడికి, గుర్రం పటాలానికి అక్కరకొచ్చేవి కనుక ప్రభుత్వాల సొమ్ము చాలాకాలం వాటి రోగాలవైపే పోయింది. కుక్క నెత్తురును మైక్రోస్కోపు కింద పెట్టిన తొలితరం వైద్యుల్లో ఎక్కువమంది వెతికింది మనుషుల జ్వరాలకు మూలం. అయినా ఈ శాఖకు పునాది అనదగిన పరిశోధనలు కొన్ని భారతదేశంలో, ముఖ్యంగా మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోనివే.

తొలి రోజులు

తెల్ల రక్తకణాలు క్రిములను మింగుతాయన్న సిద్ధాంతం ఇల్యా మెచ్నికోవ్‌ది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఆయన పారదర్శకంగా ఉండే నక్షత్ర చేప డింభకంలోకి గులాబీ ముల్లు గుచ్చి, తెల్లారేసరికి దాని చుట్టూ కణాలు మూగి ఉండడం చూశాడు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. లూయీ పాశ్చర్ రేబిస్ టీకాను ముందు కుక్కల మీద పరీక్షించి, 1885 జులై 6న మొదటిసారి ఒక బాలుడికి వేయించాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాక, భారత వైద్య సర్వీసులోని యువ వైద్యులకు రక్తపు స్లైడు, పురుగుల కోత నిత్యకృత్యాలయ్యాయి.

గిండీ దశాబ్దం (1903–1913)

మద్రాసు శివార్లలోని గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ మశూచి టీకా తయారీ కేంద్రంగా 1899లో మొదలైంది. ప్రెసిడెన్సీ పారిశుద్ధ్య కమిషనర్ డబ్ల్యూ.జి. కింగ్ పేరు దానికి పెట్టారు. కొద్ది ఏళ్లలోనే అది పరాన్నజీవుల పరిశోధనకు దేశంలో చురుకైన చోట్లలో ఒకటిగా మారింది.

1903లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డోనోవన్ కాలా అజార్ రోగుల ప్లీహంలో అండాకారపు సూక్ష్మజీవులను గుర్తించాడు. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో జబ్బుపడి చనిపోయిన ఒక సైనికుడిలో వాటినే చూసిన విలియం లీష్మన్ వ్యాసం అంతకు కొద్ది వారాల ముందే అచ్చయింది. ఇద్దరి పేర్లూ కలిపి రాస్ ఆ క్రిమిని లీష్మానియా డోనోవానీ అన్నాడు. అది బతికేది మాక్రోఫేజ్‌లలో, అంటే క్రిములను మింగి అరిగించే పని గల కణాల్లో. భక్షించవలసిన కణమే ఆశ్రయం కావడం మెచ్నికోవ్ చూపిన బొమ్మలో ఇమడని సంగతి.

రెండేళ్లలో ఇంకో ఉదాహరణ దొరికింది, ఈసారి కుక్కలో. 1905లో ఎస్.పి. జేమ్స్ కుక్కల తెల్ల రక్తకణాల్లో ఉండే ఒక పరాన్నజీవిని వర్ణించి ల్యూకోసైటోజూన్ కానిస్ అని పేరు పెట్టాడు. అస్సాంలో పనిచేసిన సి.ఎ. బెంట్లీ అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దాని గురించి రాశాడు. ఇప్పుడు దీన్ని హెపటోజూన్ కానిస్ అంటున్నారు. మరుసటి ఏడాది డబ్ల్యూ.ఎస్. పాటన్ ఇలాంటిదాన్నే ఉడుతల తెల్ల రక్తకణాల్లో చూపించాడు. ఊళ్లో ప్రతి చెట్టు మీదా తిరిగే చారల ఉడుతను పట్టి దాని నెత్తురు పరీక్షించాలన్న ఆలోచన రావడమే ఆ తరం ఆసక్తికి గుర్తు.

స్లైడు మీద ఈ జీవిని గుర్తుపట్టడం కష్టం కాదు. కుక్క చెవి అంచున సూదితో పొడిచి, చుక్క నెత్తురును గాజు పలక మీద పలుచగా లాగి, ఆరనిచ్చి, లీష్మన్ రంగో గీమ్సా రంగో పోస్తారు. ఎర్రకణాల నడుమ అక్కడొకటి ఇక్కడొకటిగా న్యూట్రోఫిల్‌లనే తెల్లకణాలు కనిపిస్తాయి. సోకిన న్యూట్రోఫిల్ మధ్యలో 11 మైక్రోమీటర్ల పొడవు, 4 మైక్రోమీటర్ల వెడల్పున లేతనీలి మందు గొట్టం లాంటి ఆకారం పరుచుకుని ఉంటుంది. కణం సొంత కేంద్రకం ఒక అంచుకు నెట్టుకుపోయి ఉంటుంది. సాధారణంగా నూటికి ఒకటి నుంచి ఐదు న్యూట్రోఫిల్‌లలోనే ఇది కనిపిస్తుంది. రోగం ముదిరిన కుక్కల్లో దాదాపు అన్నింటిలోనూ ఉండవచ్చు.

ఇది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు ఎలా చేరుతుందో తేల్చింది ఎస్.ఆర్. క్రిస్టోఫర్స్. కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు అధిపతిగా ఉంటూ ఆయన కుక్కలను పట్టే గోధుమరంగు గోమారి (పిడుదు)ని తీసుకుని, వరుస రోజుల్లో కోసి చూస్తూ, ఆ పరాన్నజీవి లైంగిక దశ గోమారి ఒంట్లో గడుస్తుందని 1907లో చూపించాడు. కుక్క ఎర్రకణాల్లో బతికే బబీసియా క్రిమి గోమారిలో పెరిగే తీరు మీద కూడా అదే ఏడాది మరో నివేదిక ఇచ్చాడు. చేత్తో గీసిన బొమ్మలతో, తొందరపాటు తీర్మానాలు లేకుండా సాగిన ఈ రెండు నివేదికలూ ఓపికకు మెచ్చదగినవి. క్రిస్టోఫర్స్ 1978లో, 104 ఏళ్ల వయసులో మరణించాడు. హెపటోజూన్ విషయంలో తర్వాత స్థిరపడిన సంగతి ఏమిటంటే, గోమారి కాటుతో ఇది సోకదు. దురద పుట్టినచోట పళ్లతో కొరుక్కుంటూ కుక్క గోమారినే మింగేస్తుంది. క్రిములు పేగు గోడ దాటి ప్లీహం, కాలేయం, ఎముక మూలుగ చేరి పెరిగి, ఆపైన న్యూట్రోఫిల్‌లలోకి దూరుతాయి.

1910లో పాటన్ ఇంకో క్రిమిని ప్రకటించాడు. మద్రాసు హంట్ అనే దొరల వేట సంఘం వేటకుక్కలు జ్వరంతో, నెత్తురు తగ్గి పడిపోతుండగా వాటి ఎర్రకణాల్లో ఆయనకు చిన్న ఉంగరాల్లాంటి జీవులు కనిపించాయి. ఆ తర్వాత అవే నక్కల నెత్తురులోనూ దొరికాయి. నేడు బబీసియా గిబ్సోని పేరుతో ఆసియా, అమెరికా, ఆస్ట్రేలియా ఖండాల్లో కుక్కల వైద్యులందరికీ తెలిసిన క్రిమి ఇదే. ఎర్రకణాల రోగమే అయినా, సోకిన ఎర్రకణాలతో పాటు బాగున్నవాటినీ కుక్క రోగనిరోధక వ్యవస్థే నాశనం చేయడం వల్ల రక్తహీనత ముదురుతుందని తర్వాత తెలిసింది.

ఈ మధ్యలో ట్యునీసియాలో షార్ల్ నికోల్ 1908లో కుక్కల్లో లీష్మానియా ఉందని చూపించాడు. మద్రాసులోనూ కాలా అజార్ కుక్కల నుంచే వస్తోందా అన్న ప్రశ్న పుట్టింది. పాటన్ నగరంలోని వీధికుక్కలను పెద్ద సంఖ్యలో పరీక్షించి వాటిలో ఆ క్రిమి లేదని 1913లో రాశాడు. భారతదేశపు కాలా అజార్ మనిషి నుంచి మనిషికే వ్యాపిస్తుందన్న నేటి అవగాహనకు ఆ ప్రతికూల ఫలితం తొలి ఆధారాల్లో ఒకటి. వేటకుక్క జబ్బుపడితే దాని కోసం పరిశోధన జరిగింది. వీధికుక్క మాత్రం అనుమానితురాలిగానే ప్రయోగశాల గడప తొక్కింది.

రేబిస్ టీకా, గొర్రె మెదడు

కసౌలీలో 1900లో, నీలగిరుల్లోని కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. అంతకుముందు పిచ్చికుక్క కరిచినవారిలో స్తోమత ఉన్నవాళ్లు పారిస్‌కు ఓడ ఎక్కేవారు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడులో పెంచిన వైరస్‌ను ఫినాల్‌తో చంపి టీకా తయారు చేశాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని తెలుగునాట మూడు తరాలు భయంగా చెప్పుకున్నది ఈ టీకానే. చవక, తయారీ సులువు. కానీ అందులోని మెదడు కణజాలం వల్ల కొందరిలో రక్షక కణాలు సొంత నరాల మీదికే తిరగబడి పక్షవాతం వచ్చేది. దీని కారణం వెతుకుతూ 1930లలో న్యూయార్క్‌లో థామస్ రివర్స్ కోతుల మీద చేసిన ప్రయోగాలు మల్టిపుల్ స్క్లెరోసిస్ పరిశోధనకు దారి వేశాయి. భారతదేశంలో సెంపుల్ టీకా వాడకం 2004 చివరి దాకా సాగింది.

1913 నుంచి 1978 వరకు

రెండు ప్రపంచ యుద్ధాలు, స్వాతంత్ర్యం గడిచిన ఈ కాలంలో దక్షిణ భారతంలో పశువైద్యుల దృష్టి గోజాతిని ఊడ్చిపెట్టిన ముసర వ్యాధి మీదే నిలిచింది. బయట, లండన్ శివార్లలోని మిల్‌హిల్‌లో లెయిడ్లా, డన్కిన్ 1920లలో కుక్కల డిస్టెంపర్ వైరస్‌ను ఫెరెట్లలో పెంచి టీకా చేశారు. 1935లో అల్జీరియాలో డొనాషియెన్, లెస్తోకార్ కుక్క మోనోసైట్లనే తెల్లకణాల్లో బతికే ఎర్లికియాను కనిపెట్టారు. దక్షిణ భారతంలో అది 1944లో నమోదైంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు జర్మన్ షెపర్డ్‌లు ముక్కు వెంట నెత్తురు కారుతూ వందల సంఖ్యలో చనిపోయాకే ఎర్లికియా మీద పెద్ద ఎత్తున పరిశోధన మొదలైంది. ఈ క్రిమి వల్ల రోగం ముదిరిన కుక్కల్లో ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, ఎర్రకణాలు మూడూ పడిపోవచ్చు. విలియం జారెట్ 1964లో గ్లాస్గోలో పిల్లుల లుకీమియా వైరస్‌ను గుర్తించాడు. అదే పదేళ్లలో పిల్లిని టాక్సోప్లాస్మా క్రిమికి ప్రధాన ఆతిథేయిగా తేల్చే పని కూడా జరిగి 1970కి కొలిక్కి వచ్చింది.

పార్వో, పిల్లుల ఎయిడ్స్

1978లో కుక్కల పార్వో వైరస్ ఒక్కసారిగా ప్రపంచమంతా పాకింది. విభజన చెందే కణాలే దానికి ఆహారం కనుక పేగు పొరతో పాటు ఎముక మూలుగనూ దెబ్బతీసి తెల్లకణాలను అడుగంటిస్తుంది. 1980ల మొదట్లోనే మద్రాసు నుంచి కేసులు నమోదయ్యాయి. 1986లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో ఒకే ఇంట్లో చాలా పిల్లులు చిక్కిపోయి చనిపోవడాన్ని పరిశీలించిన నీల్స్ పెడర్సన్ బృందం టీ-లింఫోసైట్లకు సోకే వైరస్‌ను వేరుచేసి, మరుసటి ఏడాది సైన్స్ పత్రికలో ప్రకటించింది. మనుషుల్లో ఎయిడ్స్ భయం నిండిన రోజులవి. పిల్లి రక్షక కణాలకు ఎన్నడూ లేనంత ప్రాధాన్యం వచ్చింది, నిధులూ వచ్చాయి. కుక్క తెల్లకణాల ఉపరితల గుర్తులకు అంతర్జాతీయంగా ఒకే నామకరణం చేసింది 1994లో. 2001లో జపాన్ పరిశోధకులు డిస్టెంపర్ వైరస్ లింఫోసైట్ల మీది స్లామ్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి వెళ్తుందని చూపారు. మనుషుల తట్టు వైరస్ వాడుకునే తలుపూ అదే. కుక్క జన్యుపటం 2005లో వెలువడింది. పిల్లి మాక్రోఫేజ్‌లలో పెరిగే కరోనా వైరస్ వల్ల వచ్చే ఎఫ్ఐపీ అప్పటిదాకా మరణశిక్షే. 2019లో పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందుతో చాలా పిల్లులను బతికించింది.

తెలుగు నేల, గల్ఫ్

రాజేంద్రనగర్ (1946), తిరుపతి (1955) పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో హెపటోజూన్, ఎర్లికియా, బబీసియా ఇప్పుడు రోజువారీ విషయాలు. కుక్కను తెచ్చిన యజమానులు మూడింటినీ కలిపి టిక్ ఫీవర్ అనే అంటారు. పల్చటి స్లైడు మీద కనిపించని క్రిములు పీసీఆర్‌లో దొరుకుతున్నందున, పాత లెక్కల కంటే సోకిన కుక్కలు ఎక్కువేనని తేలుతోంది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ 1982లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ మొదట గాలికుంటు టీకాతో మొదలై, కణవర్ధనంలో తయారైన రక్షారాబ్ రేబిస్ టీకాతో కుక్కల వైద్యంలోకి వచ్చింది. కుక్కనో పిల్లినో విదేశాలకు తీసుకెళ్లేటప్పుడు చాలా దేశాలు అడిగే రేబిస్ యాంటీబాడీ పరిమితి మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు.

కడప, గోదావరి జిల్లాల వారు వేలాదిగా పనిచేసే కువైత్‌లో ఈ పరిశోధన ఇటీవలిది. 2010లలో అక్కడి వీధి పిల్లుల్లో టాక్సోప్లాస్మా మీద, పేగు పురుగుల మీద అధ్యయనాలు వెలువడ్డాయి. 

కుక్కల లీష్మానియాకు ఐరోపాలో, బ్రెజిల్‌లో టీకాలు వచ్చాయి. ఎర్లికియాకు, హెపటోజూన్‌కు మార్కెట్లో టీకా లేదు. మొదటిదానికి డాక్సీసైక్లిన్, రెండోదానికి ఇమిడోకార్బ్ వాడతారు. ఇమిడోకార్బ్ ఇచ్చాక కూడా కొన్ని కుక్కల న్యూట్రోఫిల్‌లలో హెపటోజూన్ నెలల తరబడి కనిపిస్తూనే ఉంటుంది.