జిడ్డు ముఖం, మురికి నింద

మొటిమలొచ్చిన పిల్లకో పిల్లాడికో ఇంట్లో ముందుగా దొరికే సలహా ‘ముఖం సరిగ్గా కడుక్కో’ అని. ఆ మాటలో ఓ నేరారోపణ దాగి ఉంది. మొటిమ మురికి వల్ల వచ్చిందట, మురికేమో నీ అశ్రద్ధ వల్ల చేరిందట. జిడ్డు చర్మాన్ని రోజూ చూసుకునే పద్ధతి ఎలా ఏర్పడిందో వెనక్కి వెళ్లి చూస్తే, ఈ ఆరోపణ మనం అనుకున్నంత పాతది కాదని తేలుతుంది. మన దేశంలో దానికి బలం తెచ్చింది సబ్బు. ఇవాళ చర్మవైద్యులు చెప్పే దినచర్యలో చాలా భాగం ఆ సబ్బు కాలపు అలవాటును సరిదిద్దుకుంటూ వచ్చిందే.

సుశ్రుత సంహిత మొటిమల్ని చిన్నా చితకా రోగాల వరసలో చేర్చింది. వయసులో ఉన్నవాళ్ల ముఖం మీద బూరుగు ముల్లులా లేచే పొక్కులని వర్ణించి, కఫం, వాతం, రక్తం కారణమంది. బూరుగు మానును దగ్గర నుంచి చూసినవాళ్లకు ఆ పోలికలోని పదును తెలుస్తుంది. ముల్లు అడుగున వెడల్పుగా, పైన మొనదేలి, బెరడును తోసుకుని వచ్చినట్టు ఉంటుంది, బయటి నుంచి వచ్చి అంటుకున్నట్టు కాదు. త్రిదోషాల లెక్కను ఇవాళ్టి వైద్యం ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. కానీ ఇది వయసుతో వచ్చేదనీ, లోపలి నుంచి వచ్చేదనీ ఆ గ్రంథం పట్టుకోగలిగింది. వస, లొద్దుగ, సైంధవ లవణం, ఆవాలు నూరి లేపం వేయమంది, వాంతి చేయించమంది. ఆ రెండోది ఎవరూ ప్రయత్నించకపోవడమే మేలు. రోగి శుచిగా లేడని మాత్రం అనలేదు. కామసూత్రంలోని నాగరకుడికీ ఓ దినచర్య ఉంది: స్నానం రోజూ, ఒళ్లు రుద్దించుకోవడం రోజు విడిచి రోజు, నురగ వచ్చే పదార్థం మూడో రోజు. అంత షోకైనవాడు కూడా నురగను రోజూ వాడలేదు.

తెలుగిళ్లలో తలంటు వారానికోసారో, పండక్కో. నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, తలకు కుంకుడుకాయ పులుసు. పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, బావంచాలు కలిపి విసిరిన ఆ పిండి నూనెను పీల్చుకుని రాలిపోతుంది, సబ్బులా చర్మపు సొంత జిడ్డును మొత్తం ఊడ్చేయదు. అలాగైతే మళ్లీ సున్నిపిండికే వెళ్దామనేవాళ్లు ఉన్నారు. మామూలు చర్మానికి అభ్యంతరం లేదు. వాచిన మొటిమల మీద గరుకు పిండి రుద్దితే మాత్రం అవి చితికి మచ్చలవుతాయి. పైగా బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. అది చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తుంది, ఆ గుణం కోసమే బొల్లికి మందుగా వాడారు. ఇంటి సరుకు కాబట్టి హాని చేయదనడం ఇక్కడ చెల్లదు. ఇక, అమ్మమ్మల కాలంలో మొటిమలే లేవనేవాళ్లకు సుశ్రుతుడే సమాధానం. లేని రోగానికి లేపం ఎవరూ చెప్పరు.

1888లో లీవర్ కంపెనీ సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగింది. అది బట్టల సబ్బు. కొన్నేళ్లకే, 1895లో, ఒంటికి లైఫ్‌బాయ్ వచ్చింది, దాంతోపాటు క్రిమి భయమూ వచ్చింది. 1916లో మైసూరు సంస్థానం సొంత సబ్బు కర్మాగారం పెట్టేనాటికి ఒళ్లు కడుక్కోవడం నాగరికతకు కొలతైపోయింది. చేతులకు, గాయాలకు ఆ పాఠం అవసరమే, ఎన్నో ప్రాణాలు కాపాడింది. చిక్కల్లా దాన్ని ముఖం మీది మొటిమకూ అంటగట్టడంలో ఉంది. చర్మం పైపొర కొంచెం ఆమ్లగుణంతో ఉంటుందనీ, అదో రక్షణ కవచమనీ షాడె, మార్కియోనీని అనే జర్మన్ వైద్యులు 1928లో రాశారు. చర్మం పీహెచ్ సుమారు 5, మామూలు సబ్బుది 9, 10. కడిగాక ముఖం బిగుసుకుపోయి కరకరలాడటాన్ని జనం శుభ్రత అనుకున్నారు, నిజానికి అది కవచం దెబ్బతిన్న గుర్తు. ముక్కు మీది నల్ల చుక్కల్నే చూడండి. రుద్ది రుద్ది ముక్కు కందిపోతుంది గానీ అవి పోవు, ఎందుకంటే ఆ నలుపు దుమ్ము కాదు. రంధ్రంలో పేరుకున్న కొవ్వుకు గాలి తగిలి, చర్మపు వర్ణకం కలిసి వచ్చిన రంగది. యవ్వనంలో హార్మోన్లు నూనె గ్రంథుల్ని ఉసిగొల్పుతాయి, రంధ్రం అంచున రాలాల్సిన కణాలు రాలక మూత పడుతుంది, లోపల బాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. ఇందులో సబ్బు చేరేచోటు చాలా తక్కువ.

అలాగని బయటి కారణాలు అసలు లేవనడం మొండితనం. తలనూనె, పొమేడు నుదుటి మీదికి దిగి మొటిమలు తెప్పిస్తాయని 1970లోనే అమెరికా చర్మవైద్యులు రాశారు. జుట్టుకు కొబ్బరినూనె దట్టించే మన ఇళ్లకు ఇది బాగా పనికొచ్చే మాట. కానీ ఇక్కడా తప్పు మురికిది కాదు, మనం శ్రద్ధగా రాసుకున్న నూనెది. చికిత్సలో అసలు మలుపు 1969లో వచ్చింది. ఫిలడెల్ఫియాలో క్లిగ్‌మన్, ఫుల్టన్, ప్లెవిగ్ అనే చర్మవైద్యులు ట్రెటినాయిన్‌ను మొటిమల మందుగా ప్రచురించారు. అది చేసే పని రంధ్రం మూత పడకుండా చూడటం. ఆ విజయానికి ఓ మచ్చ ఉంది. క్లిగ్‌మన్ ఏళ్ల తరబడి హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మం మీద ప్రయోగాలు చేశాడు. అవి ఆగింది 1974లో.

ఈ దినచర్యంతా బజారు సృష్టేనన్నది మరో ఆక్షేపణ. ఆకారం బజారుదే. వోగ్ పత్రికలో 1967లో వైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ ఇంటర్వ్యూ వచ్చింది, మరుసటి ఏడే ఆయన సలహాతో క్లినిక్ అనే సౌందర్య సాధనాల కంపెనీ మూడు మెట్ల పద్ధతిని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత మెట్లు పదిదాకా పెరిగాయి, సీసాలూ పెరిగాయి. అయితే వైద్యులు నిజంగా అడిగేది కొంచెమే. ఘాటులేని క్లెన్సరుతో రోజుకు రెండుసార్లు కడగడం, రాత్రి అడాపలీన్ లాంటి మందు పల్చగా, డాక్టరు సూచించినవాళ్లకు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, జిడ్డులేని మాయిశ్చరైజరు, పగలు సన్‌స్క్రీన్. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ఆ రాత్రి మందు గురించి ముందే డాక్టరును అడగాలి. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లు ఆగలేనివాళ్లు మెడికల్ షాపులో ‘మొటిమలకేదైనా క్రీము ఇవ్వండి’ అంటే చేతికొచ్చేది చాలాసార్లు స్టిరాయిడ్. వారంలో ముఖం నున్నబడుతుంది, ఆపగానే ఎర్రబడి, ముందుకన్నా గుంపుగా పొక్కులు లేస్తాయి. అలాంటి క్రీములు కొన్నిటిని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. కౌంటరు దగ్గర మాత్రం చీటీ అడిగేవాళ్లు ఇప్పటికీ తక్కువే.