ఫోను పాతబడిందని ఎవరు చెప్పారు?

దసరా సేల్ బేనర్లు మొదలయ్యాయంటే మా ఆఫీసులో ఒకటే చర్చ, ఫోను మార్చాలా వద్దా అని. ఈసారి వంతు నాది. నా ఫోను కొని నాలుగేళ్ళు. పొద్దున్న నూరు శాతం ఛార్జింగుతో బయల్దేరితే సాయంత్రం నాలుగింటికల్లా ఎర్రగీత చూపిస్తుంది. దానికి అందరూ చెప్పే మందు ఒకటే: "పాతది ఎక్స్ఛేంజిలో పెట్టెయ్, మిగతాది ఈఎమ్ఐ, కొత్త మోడలు చేతికొస్తుంది."

ఈ వాక్యంలో మూడు ముక్కలున్నాయి చూశారా? ఎక్స్ఛేంజి, ఈఎమ్ఐ, కొత్త మోడలు. ఇవేవో స్మార్టుఫోన్లతో పాటు పుట్టాయనుకుంటాం. కానే కాదు. ఈ మూడూ ఒకచోట చేరి దాదాపు వందేళ్ళు. చేరింది అమెరికా కార్ల పరిశ్రమలో.

హెన్రీ ఫోర్డ్ 1908లో మోడల్-టి కారు తెచ్చాడు. ఆయన సిద్ధాంతం చాలా సింపుల్: ఒకటే కారు, గట్టి కారు, ఏటేటా చవక అయ్యే కారు. మొదట్లో 850 డాలర్లున్న ధర 1920ల మధ్యకి వచ్చేసరికి 300 డాలర్ల లోపుకి దిగింది. 1927లో ఆపేసేలోపు కోటీ యాభై లక్షల కార్లు అమ్ముడుపోయాయి. అంతా బానే ఉంది, కానీ ఒక చిక్కొచ్చిపడింది. కారు కొనాలనుకున్నవాళ్ళు చాలామంది కొనేశారు. ఆ కారేమో పాడవదు. ఇంక ఎవరికి అమ్మాలి?

దీనికి జవాబు కనిపెట్టింది జనరల్ మోటార్స్. 1923లో దానికి అధ్యక్షుడైన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ కూడా ఇంజినీరే (ఎమ్ఐటీలో ఎలక్ట్రికల్ చదివాడు). కారు లేనివాడికి అమ్మటం కాదు, కారున్నవాడికి ఇంకోటి అమ్మటం అసలు వ్యాపారం అని అర్థం చేసుకున్నాడు. వాయిదాల మీద కొనటానికి అప్పిచ్చే కంపెనీని జనరల్ మోటార్స్ 1919లోనే పెట్టుకుంది. పాత కారు ఇచ్చేసి కొత్తది పట్టుకెళ్ళే బేరం రెండోది. ఏటా కాస్త మార్చిన మోడలు మూడోది. ఆ రోజుల్లో మార్కెట్టు మారటానికి కారణాలేంటని స్లోన్ తన ఆత్మకథలో నాలుగు చెప్పాడు. వాటిలో మూడు ఇవే. నాలుగోది పైకప్పూ తలుపులూ ఉన్న మూసిన కారు. అంటే ఆ నాలుగింట్లో అచ్చంగా కారు బాగుపడింది అనదగ్గది ఆ ఒక్కటే!

1927లో హార్లీ ఎర్ల్ అనే ఆయన్ని పెట్టుకుని రంగులకీ రూపాలకీ ఒక విభాగమే తెరిచారు. లోపల ఇంజిను దాదాపు అదే. పైన వంపులు, రంగులు, మెరుపులు మారతాయి. పక్కింటాయన కారు పక్కన మీ కారు పెడితే మీది పాతదని తెలిసిపోవాలి, అంతే. ఇప్పటి ఫోన్ల వెనక కెమెరా గుండ్రంగా ఉందా, నలుచదరంగా ఉందా, అడ్డంగా ఉందా అని చూడగానే ఏ సంవత్సరం మోడలో చెప్పే కుర్రాళ్ళు మా ఆఫీసులో ఉన్నారు. వాళ్ళకి ఆ విద్య ఎర్ల్ గారి పుణ్యమే.

ఇక్కడ ఫోర్డ్ చేసిన పని ఒకటి నాకు భలే నచ్చింది. ఆయనకి అప్పు ఇవ్వటం ఇష్టంలేదు. 1923లో, వారానికి ఐదు డాలర్ల చొప్పున కట్టుకుంటూ పోండి, కారు ధర జమయ్యాక కారు తీసుకెళ్ళండి అని ఒక స్కీము పెట్టాడు. మన నగల కొట్టువాళ్ళ నెలవారీ స్కీము లాంటిదన్నమాట. జనం పెద్దగా ఎగబడలేదు. ముందు కారు, తరవాత డబ్బు అనే పద్ధతి ముందు, ముందు డబ్బు, తరవాత కారు అనే పద్ధతి ఎక్కడ నిలుస్తుంది? 1927లో జనరల్ మోటార్స్ వాళ్ళ షెవర్లే అమ్మకాల్లో ఫోర్డ్‌ని దాటేసింది. మరుసటి ఏడాది 1928లో ఫోర్డ్ కంపెనీ కూడా అప్పులిచ్చే సంస్థ పెట్టుకుంది.

సరే, మనసుకి పాతబడేట్టు చెయ్యటం ఒక దారి. వస్తువునే తొందరగా పోయేట్టు చెయ్యటం ఇంకో దారి. దానికి అందరూ చెప్పే ఉదాహరణ బల్బుల కథ. 1924 డిసెంబర్‌లో జెనీవాలో ఓస్రామ్, ఫిలిప్స్ లాంటి పెద్ద పెద్ద బల్బు కంపెనీలు కూర్చుని ఫీబస్ అనే జట్టు కట్టాయి. అప్పటికి 1500 గంటలు, 2000 గంటలు వెలిగే బల్బులుండేవి. వీళ్ళు దాన్ని 1000 గంటలకి కుదించారు. ఎవరి బల్బయినా అంతకంటే ఎక్కువ వెలిగితే ఆ కంపెనీకి జరిమానా! రెండో ప్రపంచయుద్ధం వచ్చాక 1939లో ఆ జట్టు చెదిరిపోయింది.

ఈ కథ చెప్పేవాళ్ళు సగమే చెప్పి వదిలేస్తారు. రెండో సగం కూడా చూడాలి కదా. బల్బులో తీగ ఎంత వేడిగా మండితే కరెంటుకి అంత ఎక్కువ వెలుతురు, కానీ అంత తక్కువ ఆయుష్షు. ఎక్కువకాలం వెలిగే బల్బు మసకగా వెలుగుతూ కరెంటు తింటుంది. బ్రిటన్ గుత్తాధిపత్య సంఘం 1951లో దీని మీద నివేదిక ఇస్తూ, అన్ని అవసరాలకీ సరిపడే ఒకే ఆయుష్షంటూ ఏదీ లేదని, 1000 గంటలు అనేది ఫర్వాలేని రాజీయేనని అంది. కాబట్టి నా దృష్టిలో తప్పు 1000 అనే అంకెలో లేదు. ఆ అంకెని కొనేవాడికి చెప్పకుండా అమ్మేవాళ్ళు గది తలుపులు వేసుకుని తేల్చుకోవటంలో ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, ఫోన్ల దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఈ ఆలోచన ఎక్కడిదాకా వెళ్ళిందంటే, మహా మాంద్యం రోజుల్లో 1932లో బెర్నార్డ్ లండన్ అనే న్యూయార్క్ ఆసామీ ఒక చిన్న పుస్తకం వేశాడు. ప్రతి వస్తువుకీ ప్రభుత్వమే ఆయుష్షు రాసిపెట్టాలట, గడువు తీరాక చట్టప్రకారం అది చచ్చిపోయినట్టు లెక్కట, జనం తెచ్చి అప్పగిస్తే ధ్వంసం చేస్తారట. అలాగయితే ఫ్యాక్టరీలు నడుస్తాయి, ఉద్యోగాలొస్తాయి అని వాదన. ఎవరూ పట్టించుకోలేదు. చదివినప్పుడు నవ్వొచ్చింది గానీ, ఈ మధ్య ఫోన్ల సపోర్టు గడువు తేదీలు చూస్తుంటే పెద్దగా నవ్వు రావట్లేదు :)

అయితే పాత వస్తువే గొప్ప అని నేననను. మన దేశం దీనికి సరిగ్గా ఉల్టా ప్రయోగం చేసి చూసింది. 1950ల్లో మొదలైన అంబాసిడర్ కారు అటూ ఇటూగా అదే రూపంతో 2014 దాకా తయారైంది. స్కూటరు బుక్ చేస్తే ఏళ్ళ తరబడి ఎదురుచూపు. టెలిఫోనూ అంతే. అప్పటివాళ్ళు వస్తువుల్ని జాగ్రత్తగా వాడుకున్నారంటే అందులో సద్గుణం పాలెంతో, గత్యంతరం లేకపోవటం పాలెంతో! మోడలు మారకపోవటం కూడా అమ్మేవాడి ఇష్టమే అప్పట్లో. కొనేవాడి మాట అక్కడా చెల్లలేదు.

ఇప్పుడు ఫోన్లకొద్దాం. మనదేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న. కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలో సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. తరవాత వచ్చిన ఫోన్లలో నాకు రెండు ముఖ్యం. ఒకటి 2003లో వచ్చిన నోకియా 1100. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకి పైగా అమ్ముడైంది. బ్యాటరీ నీరసిస్తే గోటితో వెనక మూత తీసి కొత్తది వేసుకోవటమే. రెండోది అదే ఏడాది 501 రూపాయలకి చేతికిచ్చిన రిలయన్స్ సీడీఎంఏ ఫోను. అది ఆ కంపెనీ నెట్‌వర్కుకే కట్టుబడిన ఫోను. ఆ నెట్‌వర్కు మూతపడ్డాక ఫోను బాగున్నా అది చేతిలో ఇటుకే.

అంటే ఫోనుకి ఆయుష్షు తేల్చే గడియారం ఒకటి కాదు, నాలుగున్నాయి. బ్యాటరీ ఒకటి. నెట్‌వర్కు ఒకటి. సాఫ్టువేరు ఒకటి. నాలుగోది స్లోన్ గారు మన బుర్రలో పెట్టి వెళ్ళినది.

బ్యాటరీ గడియారం రసాయనశాస్త్రం, ఎవరూ ఆపలేరు. కానీ ముల్లు వెనక్కి తిప్పొచ్చు, కొత్తది వేస్తే చాలు. 2007లో ఐఫోన్ మూత తెరవటానికి వీల్లేకుండా వచ్చింది. 2015 వచ్చేసరికి శాంసంగ్ పెద్ద ఫోన్లూ అదే దారి పట్టాయి. ఫోన్లు సన్నబడ్డాయి, నీళ్ళకి తట్టుకున్నాయి, నిజమే. కానీ బ్యాటరీ మార్చటం అనే ఆలోచనే జనం మర్చిపోయారు. 2017 డిసెంబర్‌లో బ్యాటరీ అరిగిన ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్ ద్వారా తగ్గించామని ఆపిల్ ఒప్పుకుంది. ఫోను హఠాత్తుగా ఆఫ్ అయిపోకుండా అలా చేశామంది. ఇంజినీరుగా ఆ కారణాన్ని నేను నమ్ముతాను. కానీ చెప్పకుండా చెయ్యటం? అదిగో, బల్బుల గది తలుపులు మళ్ళీ! ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

తరవాత జరిగింది చూడండి. క్షమాపణ చెప్పి బ్యాటరీ మార్పు ధర 79 డాలర్ల నుంచి 29కి తగ్గించారు. ఏడాది తిరిగాక, 2019 జనవరిలో అమ్మకాలు ఎందుకు తగ్గాయో టిమ్ కుక్ మదుపరులకి ఉత్తరం రాస్తూ చెప్పిన కారణాల్లో చవక బ్యాటరీ మార్పులు ఒకటి. ఫోను పాతబడిందనుకున్న జనానికి నిజానికి పాతబడింది బ్యాటరీ మాత్రమే అనటానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

సాఫ్టువేరు గడియారం మాత్రం వేరే జాతి. ఇది కనపడదు. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక ఎమ్ఎమ్ఎస్ పంపి ఆండ్రాయిడ్ ఫోనులోకి దూరిపోవచ్చు. 95 కోట్ల ఫోన్లదాకా దీని బారిన పడొచ్చని అంచనా వేశారు. నెలనెలా సెక్యూరిటీ ప్యాచులు ఇవ్వటం ఆ దెబ్బతోనే మొదలైంది. ప్యాచులు ఎందుకు ఆగిపోతాయంటే, చిప్ తయారీదారు తన కోడ్‌ని కొన్నేళ్ళే నిర్వహిస్తాడు, ఫోను కంపెనీ ఒక్కో మోడలుకీ విడిగా టెస్టింగ్ చెయ్యాలి. ఆ ఫోను మీద డబ్బు అమ్మినరోజే వచ్చేసింది, ఖర్చు మాత్రం ఏళ్ళ తరబడి. పాత కోడ్ నిర్వహించే టీముకి ఏ కంపెనీలోనూ గౌరవం ఉండదని మా వృత్తిలో ఎవర్నడిగినా చెప్తారు!

ఇందులో కాస్త మంచి మార్పూ ఉంది. 2023లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో శాంసంగ్ ఎస్24కి ఏడేళ్ళ అప్‌డేట్లు ప్రకటించాయి. ఐరోపా సమాఖ్య 2025 జూన్ నుంచి, ఒక మోడలు అమ్మకం ఆగాక కూడా కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు, ఏడేళ్ళు విడిభాగాలు ఇవ్వాలని రూలు పెట్టింది. ఆ గది తలుపులు కొంచెం తెరుచుకుంటున్నాయన్నమాట. కాకపోతే మనవాళ్ళు ఎక్కువగా కొనే పదీ పదిహేను వేల ఫోన్లకి గడువు చాలావాటికి ఇంకా చిన్నదే.

ఇంతకీ నా లెక్క. నా ఫోనుకి నెట్‌వర్కు బాగుంది, ప్యాచులు ఇంకో ఏడాదిన్నర వస్తాయి. ఆగింది బ్యాటరీ ఒక్కటే. అధీకృత సర్వీసు సెంటర్లో అడిగితే రెండువేల చిల్లర చెప్పారు. కొత్త ఫోనుకి ముప్పై ఐదు వేలు. తేలిపోయినట్టే కదా. కానీ లెక్క రాసుకుంటుంటే ఇంకో ఫోను అడ్డొచ్చింది. అది మా నాన్న ఫోను.

మన ఇళ్ళల్లో ఒక సంప్రదాయం ఉంది. అబ్బాయి కొత్తది కొంటే పాతది నాన్నకి, నాన్నది అమ్మకి. బట్టలు అన్న నుంచి తమ్ముడికి వెళ్ళినట్టు ఫోన్లు పిల్లల నుంచి పెద్దలకి వెళ్తాయి. మా నాన్న దగ్గరున్నది అలా వెళ్ళినదే. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, బ్యాటరీ కూడా నిలుస్తుంది. చివరి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూస్తే మూడేళ్ళ నాటిది. రిటైరయ్యాక వచ్చిన డబ్బున్న ఖాతా, పింఛను, పాలవాడికి కట్టే యూపీఐ, అన్నీ అందులోనే. పెళ్ళి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే దొంగ ఏపీకే ఫైళ్ళు ఆయనకీ వస్తూనే ఉంటాయి. ఇంట్లో అన్నిటికంటే రక్షణ తక్కువున్న ఫోను, మోసాలు అన్నిటికంటే తక్కువ తెలిసినవాళ్ళ చేతిలో ఉంటోంది. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదనుకుంటా.

కాబట్టి నా నిర్ణయం ఇది: నా ఫోనుకి బ్యాటరీ, నాన్నకి కొత్త ఫోను. ఖరీదైనది అక్కర్లేదు, అప్‌డేట్లు ఎక్కువేళ్ళు ఇస్తామని రాసిచ్చినది చాలు. చెప్తే ఆయన ఒప్పుకోలేదు. "నాకెందుకురా కొత్తది, ఇది బానే పని చేస్తోందిగా, నువ్వు తీసుకో" అన్నారు. ఆయన మూడు గడియారాలు చూసి చెప్పారు, నాలుగోది ఫోనులో ఎక్కడో సెట్టింగుల అడుగున ఉంటుంది. ఆర్డరు పెట్టేశాను.

కొత్త ఫోను ఉంటే చాలదు కూడా. తెలియని చోటి నుంచి యాప్ పెట్టుకోవటానికి మనిషే ఒప్పుకుంటే ప్యాచ్ ఏమీ ఆపలేదు. అందుకని ఆ సెట్టింగు ఆపెయ్యటం, పెద్ద మొత్తం ఉన్న ఖాతాని యూపీఐ నుంచి విడదీసి ఖర్చులకి వేరే చిన్న ఖాతా పెట్టటం ఈ పండక్కి ఊరెళ్ళినప్పుడు చేసే పనులు.

మీరు కూడా సేల్‌లో కార్టు నింపేముందు ఒక్కసారి సెట్టింగ్స్ లోకెళ్ళి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ముందు మీది కాదు, అమ్మది, నాన్నది.