నీలగిరి తేయాకు: చేతులకెక్కిన చరిత్ర

కూనూరు నుంచి కోత్తగిరికి పోయే కొండదారిలో, సముద్రమట్టానికి సుమారు 6,000 అడుగుల ఎత్తున, రెండెకరాల తేయాకు తోట ఒకటి ఉన్నది. దాని యజమాని బడగ సముదాయానికి చెందిన రైతు. అధికార కార్యనిమిత్తం కూనూరు వెళ్ళిన నాకు ఒక మిత్రుని ద్వారా ఆయనతో పరిచయమయింది. "తేయాకు గురించి చదివినవారు చాలామంది వస్తారు. ఒక పూట కోసి చూసినవారు తక్కువ" అని ఆయన అన్న మాటను ఆహ్వానంగా స్వీకరించి, ఏప్రిల్ మాసంలో ఒక ఉదయం ఏడు గంటలకు ఆ తోటకు చేరుకున్నాను.

మన భాషలో రెండెకరాలదీ తోటే, రెండు వేల ఎకరాలదీ తోటే. తేయాకు చరిత్రను చదివేటప్పుడు ఈ ఒకే మాట మనలను కొంత పొరబాటు పడనిస్తుంది. తోట అనగానే బంగళా, గుర్రం, తెల్లదొర స్ఫురిస్తారు. నేటి నీలగిరిలో వేల సంఖ్యలో ఉన్న చిన్న రైతులు ఆ చిత్రంలో కానరారు. వారికంటె కూడా కానరానివారు మరొకరున్నారు. వారిని గురించే ఈ వ్యాసం.

విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో మద్రాసు ఎగ్మూరులోని అభిలేఖాగారంలో నేను కొన్ని నెలలు గడిపాను. దక్షిణాది జిల్లాల నుంచి సింహళానికి వలస వెళ్ళిన కూలీల దస్త్రాలు తిరగేయడం అప్పటి పని. ఎన్నివేల మంది పడవ ఎక్కారు, ఎందరు తిరిగి వచ్చారు, ఎందరు విషూచితో మరణించారు – అన్నిటికీ పట్టికలున్నవి. వృత్తిని నమోదు చేసిన చోట మాత్రం దాదాపు ఎల్లెడలా ఒక్కటే మాట, కూలి. అది అసంపూర్ణమైన మాట అన్న అనుమానం ఆనాడు నాకు కలుగలేదు. తర్వాత ఉద్యోగంలో చేరి, నేనూ అటువంటి గళ్ళను అటువంటి మాటలతోనే నింపించాను.

ఆ ఉదయం నాకు పని నేర్పింది రైతు కాదు. తోటలో రోజుకూలికి వచ్చే ఒక వృద్ధురాలు. వయసు 65 దాటి ఉంటుంది. నడుముకు ప్లాస్టిక్ పట్టా చుట్టుకుని, తలమీదుగా పట్టెతో వీపుకు సంచి వేలాడదీసుకుని, మంచు ఇంకా వీడని వరుసల మధ్య నిలబడి ఉన్నది. తేయాకు మొక్కను దాని మానాన వదిలితే చెట్టవుతుంది. నాలుగైదేళ్ళకొకసారి బాగా కిందికి కత్తిరిస్తూ, నడుమెత్తు దాటనీయక, పైభాగాన్ని బల్లపరుపుగా నిలుపుతారు. ఆ బల్లమీదికి లేచిన లేత రెమ్మలే పంట. తమిళంలో దానిని కొళుందు అంటారు.

రెండాకులు, వాటి నడుమ మొగ్గ, అంతవరకే కోయాలని పుస్తకాలు చదివిన ప్రతివారికీ తెలుసు. నాకూ తెలుసు. అయితే గోటితో గిల్లరాదని తెలియదు. గిల్లినచోట ఆకు నల్లబడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాడను పట్టి, కొంచెం వంచి, పుటుక్కుమనేలా విరవాలి. విరగకపోతే అది ముదిరినట్టు లెక్క. మొగ్గ నిద్రపోయిన రెమ్మలు కొన్ని ఉంటాయి. వాటిని బంజి అంటారు, అంటే గొడ్డు రెమ్మ. దానిని తీసి పారవేయకపోతే ఆ కొమ్మ ముందుకు సాగదు. ఇంకా అందుకోని చిన్న రెమ్మను వచ్చే వారానికి వదిలిపెట్టాలి. ఇన్ని నిర్ణయాలూ ఒక్కొక్క రెమ్మ దగ్గర కనురెప్పపాటులో, రెండు చేతులతో వేర్వేరుగా జరగాలి. ఆమె చూపు పొదమీద నిలిచినట్టే కనిపించదు. గుప్పిళ్ళు నిండగానే భుజం మీదుగా ఆకు సంచిలో పడుతున్నది. నేను ఒక పొద పూర్తిచేసేసరికి ఆమె వరుస చివర ఉన్నది.

"సార్, చూసి కోయకండి. చూస్తే ఆలస్యమవుతుంది" అన్నది.

చూడకుండా కోయడం ఎక్కడ నేర్చుకున్నదని అడిగాను. హాటన్ అని చెప్పింది. హాటన్ నీలగిరిలో లేదు. శ్రీలంక నడిమి కొండలలో ఉన్నది.

ఇక్కడ చరిత్రలోనికి కొంత వెనుకకు పోక తప్పదు. భారతదేశంలో తేయాకు సాగుకు ఈస్టిండియా కంపెనీ పూనుకున్నది 1830ల్లో. చైనాతో వర్తకంలో కంపెనీకి ఉన్న గుత్తాధికారం 1833 చట్టంతో రద్దు కావడం దానికి తక్షణ కారణం. అస్సాం అడవులలో సింగ్‌ఫో జనులు ఎరిగిన తేయాకు చెట్టునే సాగుకు తెచ్చి, 1839 జనవరిలో లండన్‌లో తొలి వేలం జరిపారు. నీలగిరిలోనూ కేత్తి వద్ద 1830ల్లోనే ప్రయోగాలు జరిగినవి గాని, తోటలుగా స్థిరపడడానికి మరి పాతికేళ్ళు పట్టింది. చైనా నుంచి వచ్చినది విత్తనం మాత్రమే కాదు. మలయా ద్వీపకల్పంలోని ఆంగ్లేయ స్థావరాల నుంచి తెచ్చిన చైనా ఖైదీల చేత నడువట్టం సింకోనా తోటలలో పని చేయించారు. వారిని ఉంచిన కారాగారం నేటికీ అక్కడ ఉన్నది. తయిషోలాలో తొలి తేయాకు మొక్కలకు చాకిరీ చేసినదీ అటువంటి ఖైదీలేనని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. కనుక నీలగిరిలో చైనా మొక్క వెనుక చైనా చేయి కూడా ఉన్నదన్నమాట.

ప్రసంగవశాత్తు ఒక్క మాట. ఈ ఆకు ప్రపంచంలో ఏ దారిన నడిచినదో మన తెలుగు పలుకుబడిలోనే నిలిచి ఉన్నది. దక్షిణ చైనా రేవులలో దాని పేరు తే. డచ్చి ఓడలలో యూరపుకు పోయి, ఆంగ్లంలో టీ అయినది. మన తేయాకు, తేనీరు, టీ ఆ సముద్ర మార్గపు మాటలు. భూమార్గాన పారశీకం మీదుగా వచ్చినది చాయ్. రాజమండ్రిలో టీ తాగినవాడు హైదరాబాదులో చాయ్ తాగుతాడు. రెండు వర్తక మార్గాలు ఒక భాషలో కలిసిన సందర్భాలు తరచుగా ఉండవు.

సింహళంలో కథ కాఫీతో మొదలయింది. మదురై, తిరుచిరాపల్లి, పుదుక్కోట్టై ప్రాంతాల నుంచి కాఫీ కోతల కాలానికి కాలినడకన, పడవలలో మన్నారు తీరం చేరి, అక్కడి నుంచి అడవిదారిన మాతలె మీదుగా కండీ కొండలకు కూలీలు వెళ్ళేవారు. దారిలో రాలిపోయినవారు తక్కువ కాదు. 1869లో కాఫీ ఆకుకు తుప్పు తెగులు సోకి రెండు దశాబ్దాలలో ఆ సాగును తుడిచిపెట్టింది. దానికి రెండేళ్ళ ముందే, 1867లో, లూల్‌కొందెర వద్ద జేమ్స్ టేలర్ 19 ఎకరాలలో తేయాకు నాటి ఉన్నాడు. కాఫీ కోత ఏడాదిలో కొన్ని నెలలు. తేయాకు కోత ఏడాది పొడుగునా. దీనివల్ల వచ్చిపోయే కూలీలు కుటుంబాలతో స్థిరపడవలసి వచ్చింది. ఆకు కోసే పని ముఖ్యంగా ఆడవారి పని అయినది. సొంత ఊరినుంచి మనుషులను తెచ్చే కంగాణి అప్పు ఇచ్చేవాడు. ఆ అప్పు వివరమున్న చీటీని తుండు అనేవారు. కొత్త తోట యజమాని ఆ బాకీ తీరిస్తేనే కూలీ తోట మారగలిగేది. ఈ పద్ధతిని 1921లో నిషేధించారు.

అట్లా మూడు నాలుగు తరాలు గడిచిన తరువాత 1948లో స్వతంత్ర సింహళం చేసిన పౌరసత్వ చట్టంతో ఈ తోటల జనులలో అత్యధికులు ఏ దేశానికీ చెందనివారయ్యారు. 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకె సంతకాలు చేసిన ఒప్పందం వారిని మొత్తం 9,75,000 మందిగా లెక్కవేసింది. 5,25,000 మంది భారతదేశానికి, 3,00,000 మంది సింహళానికి. మిగిలిన 1,50,000 మందిని 1974లో ఇందిరాగాంధీ హయాములో చెరి సగం పంచుకున్నారు. రెండు ప్రభుత్వాల సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. స్నేహదేశాల మధ్య ముడిపడిన సమస్యను విప్పడానికి అంకెలు అవసరమే. కాని అన్నీ సున్నాలతో, అయిదులతో ముగిసే ఆ అంకెలను చూస్తే, ఎవరు ఎటు అన్నది నిర్ణయించేటప్పుడు తోటలలోని మనుషులను అడిగినవారున్నారా అన్న ప్రశ్న రాకమానదు. ఒప్పందం జరిగిన రెండు నెలలలోపే, డిసెంబరులో, ధనుష్కోటి తుపానులో కొట్టుకుపోయింది. తలైమన్నారుకు నౌక బయలుదేరే రేవు అదే. ఆ తరువాత వచ్చినవారంతా రామేశ్వరంలో దిగారు. 1984లో నౌక రాకపోకలు నిలిచిపోయినవి. అర్హులై ఉండి అటే మిగిలిపోయినవారికి చివరకు 2003లో శ్రీలంక పార్లమెంటు పౌరసత్వం ప్రసాదించింది.

మన వృద్ధురాలు రామేశ్వరంలో దిగినది 1974లో. అప్పుడామెకు 16 ఏళ్ళు. అంతకుముందు ఏడాది తోటలలో తిండికి అలమటించిన సంగతి ఆమెకు బాగా జ్ఞాపకం. బియ్యం దొరకలేదు, పిండి దొరకలేదు. మండపం శిబిరంలో కొద్ది రోజులు ఉంచి, తరువాత నీలగిరికి పంపారు. వెనుకటి తరాల కూలీలను సింహళానికి పోయేముందు ఆపి పరీక్షించినది కూడా మండపంలోనే అని నేను చెబితే ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. తాతగారు చెప్పేవారట.

తిరిగివచ్చిన వారికి పని కల్పించడానికి తమిళనాడు ప్రభుత్వం 1968లో అటవీశాఖ కింద తేయాకు సాగు ప్రారంభించింది. 1976లో అది టాన్‌టీ అనే ప్రభుత్వ సంస్థగా ఏర్పడింది. ఎనిమిదేళ్ళ వయసు నుంచే తల్లి వెంట కొళుందు కోసిన పిల్ల ఈ కొత్త తోటకు వచ్చింది. వచ్చి చూస్తే కోయడానికి ఆకు లేదు.

"నాలుగేళ్ళు గుంతలు తవ్వినాము, తంబీ" అన్నది. అప్పటికి సార్ పోయి తంబి వచ్చింది. "చలికి చేతులు కొంకర్లు పోయేవి. మొక్క పెట్టినాము, కలుపు తీసినాము. చేతికి కోత మరిచిపోతుందేమోనని నాకు భయం. దారిపక్క పొదలుంటే ఊరికే విరిచి చూసుకునేదాన్ని."

తేయాకు మొక్క కోతకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుందని వ్యవసాయ గ్రంథాలన్నీ చెబుతాయి. ఆ మూడు నాలుగేళ్ళు కోత తెలిసిన మనిషి ఏం చేస్తుందో అవి చెప్పవు. ఎగ్మూరులో నేను చదివిన పట్టికల ప్రకారం గుంత తవ్వినా కూలే, కొళుందు కోసినా కూలే.

ఆమె తన చేతులతో నాటిన పొదలలో పదవీ విరమణ వరకూ కోసింది. టాన్‌టీ భూములలో కొంత భాగాన్ని అటవీశాఖకు తిరిగి అప్పగించాలని 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు వెలువరించింది. పర్యావరణ దృష్టితో ఆ నిర్ణయాన్ని సమర్థించడానికి తగినన్ని కారణాలున్నవి. నీలగిరి షోలా అడవులూ పచ్చికబయళ్ళూ తేయాకుకు ఎంత బలి అయినవో చూసినవారెవరైనా ఒప్పుకుంటారు. వదిలేసిన పొద ఎట్లా ఉంటుందని ఆమెను అడిగితే, తల పైకెత్తి చూడవలసినంత ఎత్తు పెరిగిందనీ, తెల్లని పూలు పూసిందనీ చెప్పింది. కోత జరుగుతున్న తోటలో తేయాకు పువ్వు చూడడం అరుదు.

తొమ్మిది గంటలకు రైతు టీ తెచ్చాడు. బడగ అన్న పేరుకు ఉత్తరాదివాడని అర్థం, పూర్వం మైసూరు వైపు నుంచి వచ్చినవారు గనుక. తమిళులు మన తెలుగువారిని వడుగులన్నదీ ఆ దిక్కు పేరుతోనే. ఆ లెక్కన మీరూ నేనూ చుట్టాలమేనని ఆయన నవ్వాడు. ఆయన తండ్రి బంగాళాదుంప పండించేవాడు. తేయాకుకు మారినది ఈయన కాలంలో. సోవియట్ యూనియన్ నీలగిరి తేయాకును విరివిగా కొన్న రోజులలో ఈ మార్పు లాభించింది. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. ఆ దశాబ్దం చివరకు పచ్చి ఆకు ధర పడిపోయి రైతులు ఆందోళనకు దిగారు. ఇప్పుడు తోటలో అధికభాగం కత్తెరతోనే కోయిస్తున్నాడు. కత్తెరకు బంజి తెలియదు, వచ్చే వారపు రెమ్మ తెలియదు. అయితే ఆకును పళ్ళచక్రాల మధ్య నలిపి, చింపి, గుండ్రని రేణువులుగా చుట్టే యంత్రానికి అదేమీ అభ్యంతరం కాదు. 1930ల్లో అస్సాంలో పుట్టిన ఆ యంత్రం నుంచే మన వీధి టీ వస్తున్నది. చేత్తో కోసిన కొద్దిపాటి ఆకును మాత్రం ఆయన ఇంట్లోనే తయారుచేసి విడిగా అమ్ముకుంటున్నాడు.

ముందటి సాయంత్రం వాడబెట్టిన ఆకు ఒక చాపమీద పరచి ఉన్నది. దానిని అరచేతులతో గుండ్రంగా నలపమన్నారు. అరగంట నలిపేసరికి ఆకు జిగటగా మారి, పచ్చివాసన పోయి, పండిన జామపండుకు దగ్గరి వాసన వచ్చింది. రంగు నెమ్మదిగా రాగివన్నెకు తిరిగింది. ఎప్పుడు ఆపి ఆరబెట్టాలో రైతు గడియారం చూసి చెప్పలేదు. వృద్ధురాలిని పిలిచాడు. ఆమె ఒక చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంకొంచెం అని చెప్పి వెళ్ళిపోయింది.

పదిన్నరకు తూకం. ఆమె సంచి తొమ్మిది కిలోలు తూగింది, నాది కిలో మూడు వందల గ్రాములు. నేను కొంత సంతోషపడ్డాను. అంతలో ఆమె నా ఆకును గోనెపట్టా మీద కుమ్మరించి, ముందుకు వంగి ఏరడం మొదలుపెట్టింది. ముదురాకు ఒకవైపు, గోటితో గిల్లి నల్లబడినది ఒకవైపు, బంజి ఒకవైపు. మళ్ళీ తూచితే ఆరు వందల గ్రాములు మిగిలింది. ఎవరి పేర వ్రాయాలని రైతు పుస్తకం తెరిచి అడిగాడు. ఆమె పేరనే వ్రాయమన్నాను. ఆమె ఒక్క క్షణం తక్కెడ వంక చూసి, ఈ ఆకు తన ఆకులో కలపవద్దనీ, వేరే సంచిలో వేయమనీ రైతుకు చెప్పి, రెండో వరుసకు వెళ్ళింది.