టర్బో కారులో దాగిన పట్టిక



శనివారం నాడు పావగడ శనిమహాత్మ గుడి ముందు నిలిచిన బండ్ల నంబర్లు చూస్తే మన సరిహద్దు ఎంత పలచనిదో తెలుస్తుంది. తుమకూరు కేఏ 06 పక్కనే అనంతపురం ఏపీ 02 ఉంటుంది. ఆ బండ్లలో టర్బో పెట్రోలు కార్లూ ఉంటాయి. అలాంటి కారు నాలుగైదేళ్లు నడిచాక, "రీమ్యాప్ చేయిస్తే పికప్ పెరుగుతుందట" అన్న మాట యజమాని చెవిన పడుతుంది. ఈ రీమ్యాప్‌లో కొత్త సామాను ఏదీ బిగించరు. ఇంజినును నడిపే చిన్న కంప్యూటరులోని అంకెల పట్టికను మారుస్తారు. ఆ పట్టిక ఎలా పుట్టిందో, అందులో కొంత బలాన్ని కంపెనీవారు ఎందుకు వెనక ఉంచారో ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

పెట్రోలు ఇంజినులో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ రాలుస్తుంది. మంట వ్యాపించడానికి కొంత సమయం కావాలి కనుక, పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే రవ్వ పడాలి. ఎంత ముందు అన్నది వేగాన్ని బట్టి, బరువును బట్టి మారుతుంది. మరీ ముందు పడినా, మిశ్రమం అతిగా వేడెక్కినా, మిగిలిన భాగం తనంతట తాను భగ్గుమంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు వస్తుంది. మెకానిక్కులు దీన్నే నాకింగు అంటారు. అది ఎక్కువైతే పిస్టన్ పగులుతుంది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో ఈ రవ్వ సమయాన్ని డ్రైవరే మార్చుకునేవాడు. స్టీరింగు పక్కన అందుకోసం ఒక మీట ఉండేది. అంటే పట్టిక డ్రైవరు తలలో ఉన్నట్టే లెక్క. తరువాత ఆ పని డిస్ట్రిబ్యూటరుకు వచ్చింది. మన అంబాసిడరు, ఫియట్ కార్లకు మెకానిక్కు డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి తిప్పి, చెవి రిక్కించి విని, టైమింగు పెట్టేవాడు.

ఇక టర్బో సంగతి. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. సైలెన్సరు గుండా వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రంతో ఇంజినులోకి గాలిని దట్టించడం అతని ఆలోచన. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు, చిన్న ఇంజిను నుంచి పెద్ద బలం తీయవచ్చు. కాని నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టిన వారికి ఈ సంగతి చేతికే తెలుసు. వేడి పెరిగితే నాకింగు దగ్గరవుతుంది.

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు వచ్చింది. నాకింగును ఆపడానికి నీళ్లు, మిథనాలు కలిపిన ద్రవాన్ని ఇంజినులోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ సీసా ఖాళీ అయితే బండి బలం తగ్గించుకునేది. చాలామంది యజమానులు దాన్ని నింపడం మరిచారు, బండి మందగించిందని ఫిర్యాదు చేశారు. 1963తోనే ఆ కారు నిలిచిపోయింది. యజమాని అజాగ్రత్తను కూడా లెక్కలో వేసుకోవాలన్న పాఠం అప్పుడే వచ్చింది.

1979లో జర్మనీ బాష్ సంస్థ మోట్రానిక్ అనే పద్ధతిని బీఎండబ్ల్యూ కారులో ప్రవేశపెట్టింది. రవ్వ సమయాన్నీ, పెట్రోలు మోతాదునూ ఒకే కంప్యూటరు చూడడం దీనితో మొదలైంది. మన రైతులకు ఈ బాష్ కొత్తది కాదు. బెంగళూరు మైకో పేరుతో ప్లగ్గులు, డీజిలు పంపులు అందించింది 1951లో ఏర్పడిన దాని భారతీయ సంస్థే. ఆ కంప్యూటరులో ఉండేదే మనం చెప్పుకునే పట్టిక. ఒక వైపు ఇంజిను వేగం, మరో వైపు బరువు. ప్రతి గడిలో ఒక అంకె. దీన్ని చెరువు కింది నీరుగంటితో పోల్చవచ్చు. ఏ మడికి ఎంత నీరు, ఏ వేళకు అన్నది నీరుగంటి లెక్క. చెరువులో నీరుంది కదా అని అడుగంటా వదలడు.

1982లో స్వీడను సాబ్ కంపెనీ టర్బో కారుకు ఒక చెవి కూడా పెట్టింది. నాకింగు చప్పుడు పసిగట్టే సెన్సరు అది. పెట్రోలు నాసిరకమైతే అది విని, టర్బో ఒత్తిడిని తగ్గించేది. మెకానిక్కు చెవి చేసే పని ఇంజినులోనే చేరిందన్నమాట.

పట్టిక చిప్పులోకి వచ్చాక దాన్ని మార్చేవారూ వచ్చారు. మొదట్లో చిప్పును ఊడదీసి, అతినీలలోహిత కాంతితో పాత అంకెలు చెరిపి, కొత్తవి ఎక్కించేవారు. తరువాత స్టీరింగు కింది సాకెట్టుకు తీగ తగిలించి మార్చే రోజులు వచ్చాయి. టర్బో పెట్రోలు కారుకు ఇలా ఐదో వంతు బలం పెరగడం మామూలే.

మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి అంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 లీటర్ల టర్బో ఇంజినుతో వచ్చింది. యూరపులో 180 గుర్రాల బలంతో అమ్మిన ఆ కారు ఇక్కడ 150తోనే దిగింది. బలం ఇంజినులో ఒక్కటే ఉండదు, అది నడిచే దేశాన్ని బట్టీ లెక్క కడతారన్నమాట. 2006 బడ్జెటులో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిను ఉన్న కార్లకు సుంకం తగ్గించారు. చిన్న ఇంజినుకు టర్బో తగిలించడం లాభసాటి అయింది. 2013లో పోలో జీటీ, ఈకోస్పోర్ట్ ఆ దారిలో వచ్చాయి.

ఆపైన ఈ పరిశ్రమ మన గడప దగ్గరికే వచ్చింది. పావగడకు తూర్పున, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడి సెల్టోస్ విపణిలోకి వచ్చింది. దాని 1.4 లీటర్ల టర్బో ఇంజిను బలం 140 గుర్రాలు. 2023లో దాని స్థానంలో 160 గుర్రాల 1.5 లీటర్ల ఇంజిను వచ్చింది. కనుక మొదటి సెల్టోస్‌లు ఇప్పటికే పాత టర్బో కార్ల వరుసలో చేరాయి.

మరి వెనక ఉంచిన ఆ బలం ఎవరికోసం? మే నెల మధ్యాహ్నం ఐదుగురితో, ఏసీ వేసుకుని గట్టెక్కే బండి కోసం. తిరుమణి చుట్టూ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు పెట్టారంటే మన ఎండ ఏపాటిదో చెప్పనక్కరలేదు. ఆ వేడి గాలే ఇంజిను పీలుస్తుంది. పైగా పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చింది. ఇథనాలు నాకింగును బాగా తట్టుకుంటుంది. కాని లీటరుకు దాని శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, అదే గాలికి మోతాదు ఎక్కువ కావాలి. సెన్సరు చాలావరకు సర్దుతుంది, ఆ సర్దుబాటుకూ హద్దుంది. 10 శాతం మిశ్రమానికి తయారైన పాత బండి గొట్టాలు, పంపు బాగున్నాయో లేదో చూసుకోవాలి.

వయసు మళ్లిన ఇంజిను ఆ మిగులును కొంత ఇప్పటికే తినేసి ఉంటుంది. ప్లగ్గులు అరిగి, టర్బో గొట్టం చీలి, పిస్టన్ మీద మసి పేరుకుని పికప్ తగ్గితే, దానికి మందు రీమ్యాప్ కాదు, మరమ్మతు. పోయిన బలాన్ని తెచ్చుకోవడం వేరు, లేని బలాన్ని అడగడం వేరు. ముందు మొదటిది చేయిస్తే చాలామందికి రెండోదాని అవసరమే ఉండదు. అప్పటికీ కావాలనుకుంటే, బండిని రోలర్ల మీద నడిపి, నాకింగునూ, గాలి పెట్రోలు పాళ్లనూ కొలిచి, అసలు పట్టికను భద్రపరిచి పని చేసేవారి దగ్గరికే వెళ్లాలి. క్లచ్చు, గేరుబాక్సు ఆ బలాన్ని మోయగలవో అడగాలి.

చట్టం సంగతీ ఉంది. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. బీమా కంపెనీకి తెలపని మార్పు ప్రమాదం జరిగిన రోజున చిక్కు తెస్తుంది. పొగ పరీక్షలో బండి నిలబడాలి కూడా.

మోడల్ టీ మీట నుంచి నేటి పట్టిక దాకా ఈ నూరేళ్ల పైబడిన కథలో ఇంజనీర్ల తాపత్రయం ఒక్కటే: బలం తీయాలి, ఇంజిను పగలకూడదు. నీరుగంటి అడుగున మిగిల్చిన నీరు పిసినారితనం కాదు, వానలేని నెలకు దాచిన ముందుచూపు. దాన్ని తోడేముందు చెరువు లోతు చూసుకోవడం మన పని.