కిరీటంలో గాజురాయి

మా గార్చింగ్‌లో నాలుగు తెలుగు కుటుంబాలు ఉగాదికి కలిస్తే, పచ్చడి తినడం అయ్యాక పిల్లలకి జనరల్ నాలెడ్జి పోటీ పెట్టడం ఆనవాయితీ. ప్రశ్నలు రాసే పని ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. "మీకు పుస్తకాల పిచ్చి ఉంది కదా మాస్టారూ" అంటారు మిగతావాళ్ళు. నిజానికి నేను చదివింది ఇంజనీరింగు, బతుకుతున్నది సాఫ్ట్‌వేరు రాసుకుంటూ. చరిత్ర నాకు ఆదివారం మధ్యాహ్నపు సరదా మాత్రమే.

ఒక ఏడాది పోటీ చాలా జోరుగా సాగింది. బొబ్బిలి వీణ ఏ చెక్కతో చేస్తారు? పనస. కొండపల్లి బొమ్మ? తెల్ల పొణికి. కృష్ణానది ఎక్కడ పుడుతుంది? మహాబలేశ్వరం దగ్గర. కోహినూరు ఎక్కడుంది? "లండన్!" అని ముగ్గురు ఒకేసారి అరిచారు. అప్పుడు నేను దాచుకున్న ప్రశ్న బయటికి తీశాను. "మన కృష్ణ ఒడ్డున పుట్టిందని చెప్పే ఇంకో వజ్రం, మనం రోజూ ఎక్కే యూ6 రైలు దారిలోనే, ఇక్కడికి అరగంట దూరంలో, రెండు వందల ఏళ్ళు ఉంది. దాని పేరేమిటి?"

పిల్లలు పెద్దల వైపు చూశారు. పెద్దలు నా వైపు చూశారు. వాళ్ళని తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. నాకూ అంతకు నెల ముందే తెలిసింది.

గార్చింగ్ గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు. మ్యూనిక్‌కి ఉత్తరాన ఉన్న చిన్న ఊరు ఇది. 915వ సంవత్సరపు పత్రాల్లోనే దీని పేరు కనిపిస్తుందిట. వెయ్యేళ్ళు పొలాలు దున్నుకున్న ఈ ఊళ్ళో 1957లో జర్మనీలోని మొట్టమొదటి పరిశోధన రియాక్టరు వెలిసింది. దాని గుమ్మటం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కనక జనం దాన్ని "అణు గుడ్డు" అంటారు. ఊరి రాజముద్రలో కూడా ఆ గుడ్డు బొమ్మే! ఇప్పుడు విశ్వవిద్యాలయం, నక్షత్రశాలల సంస్థ, సూపర్ కంప్యూటరు అన్నీ ఇక్కడే ఉన్నాయి. మనవాళ్ళు ఇక్కడికి చేరడానికి కారణం కూడా అవే. యూ6 రైలుకి ఒక కొస మా ఊళ్ళో ఉంది. అందులో కూర్చుని ఓడియోన్స్‌ప్లాట్స్ స్టేషనులో దిగితే ఎదురుగా బవేరియా రాజుల పాత కోట, రెసిడెంజ్. దాని ఖజానాని ఇప్పుడు మ్యూజియంగా చూపిస్తారు.

ఒక శీతాకాలపు ఆదివారం, బయట మంచు కురుస్తుంటే ఎక్కడికీ పోలేక మేం అక్కడికి వెళ్ళాం. అక్కడి అద్దాల బీరువాలో బవేరియా రాజ కిరీటం ఉంది. కెంపులు, పచ్చలు, ముత్యాలు, వజ్రాలు. వాటి మధ్య ఒక నీలం రాయి. "నాన్నా, అది నీలమా?" అంది మా అమ్మాయి. చదివి చూస్తే అది నీలమూ కాదు, వజ్రమూ కాదు. నకలు రాయి! అసలుది ఉండవలసిన చోట పెట్టిన గాజుముక్క. "మరి అసలుది ఏమయింది?" అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను.

ఆ అసలు రాయి పేరు విటెల్స్‌బాఖ్ నీలి వజ్రం. విటెల్స్‌బాఖ్ అనేది బవేరియాని ఏలిన వంశం పేరు. రాయి బరువు 35.56 కారెట్లు, అంటే ఏడు గ్రాములకి కాస్త ఎక్కువ. 1722లో ఆస్ట్రియా రాకుమారి మరియా అమాలియా, బవేరియా యువరాజు కార్ల్ ఆల్బ్రెఖ్ట్‌ని పెళ్ళి చేసుకుని వచ్చినప్పుడు ఆమెతోపాటు వియన్నా నుంచి మ్యూనిక్ చేరింది. అల్లుడుగారు ఇరవై ఏళ్ళ తరవాత చక్రవర్తి కూడా అయ్యాడు. రాయి కొంతకాలం గోల్డెన్ ఫ్లీస్ అనే రాజలాంఛన పతకంలో మెరిసింది. 1806లో నెపోలియను చలవవల్ల బవేరియా రాజ్యం అయినప్పుడు, మొదటి రాజు మాక్సిమిలియన్ చేయించుకున్న కిరీటంలోకి ఎక్కింది.

వియన్నాకి ముందు కథ ఏమిటి? స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ తన కూతురు మార్గరీటాకి కట్నంగా ఇచ్చాడని పుస్తకాలు చాలాకాలం రాశాయి. చెప్పుకోవడానికి బాగుంది. కాని ఆ కట్నం కథకి పత్రాల ఆధారం లేదని 2008లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు ఎత్తి రాయగా రాయగా అది చరిత్ర అయి కూర్చుంది.

మరి కొల్లూరు మాటో? ఇక్కడ నేను నా ఉత్సాహానికి కళ్ళెం వేసుకోవాలి. ఈ రాయి ఫలానా గనిలో ఫలానా రోజున దొరికిందని రాసిన చీటీ ఏదీ లేదు. ఉన్నది తర్కం. 1720ల మధ్యలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపు అన్నీ మన దేశం నుంచే వెళ్ళాయి. బోర్నియో దీవి నుంచి కొద్దిగా. మన రాయి 1722కే సానపట్టిన నగగా వియన్నాలో ఉంది. కాబట్టి అది భారతదేశపుదే అనుకోవడానికి గట్టి ఆధారం ఉంది. అప్పటి గనుల్లో పెద్ద రాళ్ళకి పేరుపొందింది కృష్ణ దక్షిణపు గట్టున, ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉన్న కొల్లూరు. అందుకని నిపుణులు అటువైపు వేలు చూపిస్తారు. తర్కం గట్టిదే, కాని అది తర్కమే. పోటీలో నేను "పుట్టింది" అనకుండా "పుట్టిందని చెప్పే" అన్నది అందుకే.

ఇంకో మాట. వీటిని "గోల్కొండ వజ్రాలు" అంటాం కాని గోల్కొండలో గని లేదు. అక్కడ ఉన్నది కోట, సంత. చెట్టు పేరు చెప్పి కాయలమ్మినట్టు, రాళ్ళు సంత పేరుతో చెలామణీ అయ్యాయి. తవ్విన ఊళ్ళ పేర్లు వెనకపడ్డాయి.

ఆ ఊళ్ళు కళ్ళతో చూసి రాసినవాడు జాఁ బాప్టిస్ట్ టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు. పదిహేడో శతాబ్దంలో ఆరుసార్లు తూర్పుదేశాలకి వచ్చి, 1676లో తన ప్రయాణాల పుస్తకం అచ్చు వేయించాడు. కొల్లూరు గని ఎలా బయటపడిందో అతను విన్న కథ ఇది. ఒక పేదవాడు చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతుంటే ఒక మొనదేలిన రాయి తగిలింది. బరువు దాదాపు 25 కారెట్లు. దాన్ని గోల్కొండకి తీసుకుపోతే వర్తకులు నోరు వెళ్ళబెట్టారు. టావెర్నియే వెళ్ళేనాటికి అక్కడ సుమారు 60,000 మంది పనిచేస్తున్నారట. మగవాళ్ళు తవ్వడం, ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మొయ్యడం. పది పన్నెండు అడుగులు తవ్వేసరికి నీరు పడుతుంది. మోసిన మట్టిని నీళ్ళు పోసి కడిగి, ఎండబెట్టి, చెరిగి, మిగిలిన గులకరాళ్ళలో చేతులతో ఏరుతారు. వడ్లు చెరిగిన చేతులకి అది కొత్త విద్యేమీ కాదు.

బేరం మాట్లాడే పద్ధతి ఇంకా బాగుంటుంది. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుని, చేతులు గుడ్డ కింద పట్టుకుంటారు. అరచెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద, సగం వేలు యాభై, వేలి కొస పది. చుట్టూ ఎంతమంది ఉన్నా ఒక్కమాట బయటికి రాదు. ఇప్పటి బ్యాంకుల రహస్య సంకేతాలకి ఏం తీసిపోయింది? అక్కడి తూకం మంజెలిన్ అని రాశాడు. అది మన మంజాడి.

ఇంతవరకూ చదివి నేను పొంగిపోయాను. తరవాతి పుటలో కూలి లెక్క కనిపించింది. కర్నూలు వైపు రామళ్ళకోట గనిలో బాగా పని తెలిసినవాడికి కూడా ఏడాదికి మూడు వరహాలు. ఏడెనిమిది మంజాడుల పైబడిన రాయి తెచ్చి ఇస్తే బహుమానంగా ఒక తలపాగా గుడ్డ, ఒకటో అరో వరహా, కొంచెం బియ్యం, చక్కెర. యాభైమందికి పన్నెండు పదిహేనుమంది కాపలా. ఒక కూలీ ఒక మంజాడి బరువున్న రాయిని కంటి కొలికిలో దాచుకుంటే పట్టుకుని లాక్కున్నారట. ఆ మనిషి పేరు టావెర్నియే రాయలేదు.

నేను ఆ ఖజానా నుంచి ఇంటికి వస్తూ మా అమ్మాయితో, "మన వజ్రాన్ని వీళ్ళు పట్టుకుపోయారు" అనేశాను. రైల్లో అనడం తేలిక. కోహినూరు విషయంలో ఆ మాటకి అర్థం ఉంది. 1849లో ఓడిపోయిన బాలరాజు చేత సంతకం పెట్టించి తీసుకున్నారు. కాని కొల్లూరు రాళ్ళు చాలావరకు దోపిడీకి పోలేదు. మన వర్తకులే అమ్మారు, మన సుల్తానుకే సుంకం ముట్టింది. రాయి చేయి మారినప్పుడల్లా ఎవరో ఒకరు లాభపడ్డారు. నష్టపోయినవాడు మొదటి చేయి. మూడు వరహాల కూలీ. "మన వజ్రం" అన్నప్పుడు ఆ "మన"లో నన్ను నేను సుల్తాను పక్కన కూర్చోబెట్టుకుంటున్నానే గాని, గుంటలో దిగిన మనిషి పక్కన కాదని ఆలస్యంగా తట్టింది. మా అమ్మాయికి ఆ సంగతి మళ్ళీ కూర్చోబెట్టి చెప్పాను.

ఇక అసలు రాయి ఏమయింది? 1918లో రాచరికం పోయింది. 1921లో చివరి రాజు అంత్యక్రియల్లో అది ఆఖరుసారి జనానికి కనిపించింది. 1931లో రాజవంశపు ఆస్తుల నిధివాళ్ళు లండనులో వేలానికి పెట్టారు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం, అమ్ముడుపోలేదు. 1951లో చేతులు మారింది. 1958లో బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనలో పేరు చెప్పకుండా పెడితే ఎవరూ గుర్తుపట్టలేదు. 1962లో యోసెఫ్ కొమ్‌కొమ్మర్ అనే బెల్జియం వజ్రాల వ్యాపారి దగ్గరికి, తిరిగి సానపట్టే ఉద్దేశంతో ఆ రాయి వచ్చింది. ఆయన చూడగానే ఇది మామూలు రాయి కాదని పోల్చుకుని, దాని మీద చెయ్యి వెయ్యనన్నాడు. కొందరితో కలిసి తనే కొని, 1964లో వేరొకరికి అప్పగించాడు.

2008 డిసెంబరులో అది మళ్ళీ లండను వేలానికి వచ్చింది. లారెన్స్ గ్రాఫ్ అనే నగల వ్యాపారి దాదాపు కోటీ 64 లక్షల పౌండ్లకి కొన్నాడు. అప్పటికి ఏ వజ్రమూ వేలంలో అంత పలకలేదు. ఆయన దాన్ని మళ్ళీ సానపట్టించాడు. అంచుల దెబ్బలు పోయాయి, రంగు తేటపడింది, బరువు 31.06 కారెట్లకి దిగింది. మ్యూజియంలవాళ్ళు కొందరు గగ్గోలు పెట్టారు. మూడు వందల ఏళ్ళనాటి పనివాడి చేతిముద్రని చెరిపేశారన్నది వాళ్ళ బాధ. పేరు కూడా విటెల్స్‌బాఖ్-గ్రాఫ్ అయింది. నాలుగున్నర కారెట్లు పోయి, ఒక యజమాని పేరు చేరింది.

2010లో దాన్ని వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియంలో హోప్ వజ్రం పక్కన పెట్టారు. హోప్ కూడా టావెర్నియే మన దేశం నుంచి తీసుకుపోయి పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి రాయిలోంచి వచ్చిందే. అతినీలలోహిత కాంతి పట్టి ఆర్పేస్తే రెండూ కాసేపు ఎర్రగా నిప్పుకణాల్లా వెలుగుతాయి. రెండూ ఒకే రాయి ముక్కలేమోనని చాలామంది ఆశపడ్డారు. పరీక్ష చేస్తే, పోలికలున్నా ఒకే స్ఫటికం కాదని తేలింది. వీటి నీలానికి కారణం బోరాన్ అనే మూలకం. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం ఇటువంటి నీలి వజ్రాలు భూమిలో కనీసం 660 కిలోమీటర్ల లోతున పుడతాయి. ఆ లోతుకి బోరాన్, ఒకనాటి సముద్రపు అడుగు నేల కుంగిపోతూ మోసుకువెళ్ళిందై ఉండాలి. మన వాదనలు ఏవైనా, రాయి మాత్రం మొదట సముద్రానిది.

కొల్లూరు సంగతి చెప్పి ముగిస్తాను. కృష్ణ మీద పులిచింతల ఆనకట్ట కట్టారు, 2013లో ప్రారంభించారు. దానికి మన ఇంజనీరు కె.ఎల్. రావుగారి పేరే పెట్టారు. ముంపు గ్రామాల్లో కొల్లూరు ఒకటి. ఆ నీళ్ళు డెల్టా పొలాలకి కావలసినవే. మా చుట్టాలు కూడా ఆ నీళ్ళతో పంట పండించుకుంటున్నారు. కాబట్టి తప్పని అనలేను. కాని మ్యూనిక్‌లో రాయి పోయిన చోట కనీసం ఒక గాజుముక్క ఉంది. కొల్లూరు చోట నీళ్ళున్నాయి.

ఆ ఉగాది పోటీలో చివరి ప్రశ్నకి మార్కులు ఎవరికీ రాలేదు. జవాబు చెప్పేశాక, వెనక వరసలో కూర్చున్న ఏడేళ్ళ కుర్రాడు చెయ్యెత్తి, "అంకుల్, మరి దాన్ని తవ్వినవాళ్ళ పేరేంటి?" అన్నాడు. నేను చేతిలో ఉన్న చీటీ తిప్పి చూశాను. రాజుల పేర్లు, రాణి పేరు, వ్యాపారుల పేర్లు, బరువులు, ధరలు అన్నీ రాసుకున్నాను. ఆ పేరు లేదు. "తెలీదు నాన్నా. ఎవరూ రాసిపెట్టలేదు" అన్నాను. ఆ రోజు బహుమతి పుస్తకం వాడికే ఇచ్చాం.