కట్టని భవనంలో నడక: వాక్‌త్రూ వీడియో - చారిత్రక పరిశీలన

పునాది పడని భవనాన్ని కళ్ళకు కట్టించడం వాస్తుశిల్పులకు కొత్త విద్య కాదు. కాగితంపై గీసిన పర్‌స్పెక్టివ్ చిత్రాలు, అట్టతోనో చెక్కతోనో చేసిన నమూనాలు ఎంతోకాలం ఆ పని చేశాయి. వాటి ముందు చూపరి బయటే నిలబడతాడు. అతణ్ణి గుమ్మం దాటించి లోపలికి తీసుకెళ్ళడం కంప్యూటరు వచ్చాకనే సాధ్యమైంది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో విరివిగా కనిపించే 'వాక్‌త్రూ' వీడియో ఆ ప్రయత్నానికి కొనసాగింపే. అయితే చూపరి తానుగా నడవడం వేరు, ఇతరులు నిర్ణయించిన దారిలో సాగడం వేరు. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల ఆ భేదం మరుగున పడింది.

1970ల తొలినాళ్ళలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డోనాల్డ్ గ్రీన్‌బర్గ్ తన విద్యార్థులతో కలిసి, సిరక్యూస్‌లోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరికరాలపై తమ ప్రాంగణాన్ని రంగుల బొమ్మలుగా రూపొందించారు. తెరపై ఏర్పడిన బొమ్మలను ఒక్కొక్కటిగా ఫిల్ముకెక్కించి చలనచిత్రం చేశారు. ఐ.ఎం.పెయ్ సంస్థ రూపకల్పన చేసిన జాన్సన్ మ్యూజియం 1973లో ప్రారంభం కాకముందే ఆ చిత్రంలో కనిపించింది. గ్రీన్‌బర్గ్ ఈ కృషిని 1974లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో వివరించారు. చూపరి సాగే దారి మాత్రం ముందే నిర్ణయమైనది.

దీనికి భిన్నమైన మార్గం నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బ్రూక్స్ బృందానిది. తమ శాఖ కోసం నిర్మించనున్న సిట్టర్సన్ హాల్‌ను వారు కంప్యూటరులో నమూనాగా మలచి, అందులో కాబోయే వాడుకరులు ఇష్టమొచ్చిన దిక్కుకు తిరిగే ఏర్పాటు చేశారు. అలా తిరిగినవారికి ముందుహాలులోని ఒక అడ్డుగోడ స్థలాన్ని ఇరుకు చేస్తున్నట్లు తోచింది. ప్లాను కాగితం మీద ఆ ఇరుకు తెలియలేదు. కట్టకముందే ఆ గోడ స్థానం మార్చారు. 1986లో బ్రూక్స్ ప్రచురించిన వ్యాసం ఈ పద్ధతిని వివరిస్తుంది. గోడ జరగడం చిన్న విషయమే కావచ్చు; కానీ నడిచినవాడి మాటకు విలువ దక్కిందనడానికి అది నిదర్శనం.

2000లో వెలువడిన స్కెచప్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ విద్యను సామాన్య డ్రాఫ్ట్స్‌మన్ చేతికి అందించాయి. రూపకర్త గుమ్మం దగ్గర ఒక దృశ్యాన్ని, హాలులో మరొకదాన్ని భద్రపరుస్తాడు. వాటి మధ్య కెమెరా కదలికను యంత్రమే పూరిస్తుంది. తరువాతి దశ ఎగుమతి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఒక్క నిమిషానికి 1,440 బొమ్మలు కావాలి. వెలుగునీడలతో ఒక్కో బొమ్మ సిద్ధం కావడానికి ఐదు నిమిషాలు పడితే, ఆ ఒక్క నిమిషం వీడియోకు యంత్రం ఐదు పగళ్ళు, ఐదు రాత్రులు ఆగకుండా పనిచేయాలి. ఇంత ఖర్చు పెట్టే చోట వంటగది వెనుక ఇరుకు సందు వైపు కెమెరాను ఎవరు తిప్పుతారు?

ఎగుమతి అయ్యేసరికి నమూనా మాయమై బొమ్మల వరుస మాత్రమే మిగులుతుంది. చూపరి తల తిప్పలేడు, గోడను కొలవలేడు. కెమెరా దృక్కోణాన్ని కాస్త విస్తరిస్తే పదడుగుల గది విశాలంగా తోస్తుంది. ఎంత విస్తరించారో వీడియో చెప్పదు. కార్నెల్ చిత్రంలో ఇది సాంకేతిక పరిమితి. అమ్మకపు వీడియోలో మాత్రం సౌకర్యంగా మారిందనడం అతిశయోక్తి కాదు.

హైదరాబాదులోనూ విజయవాడలోనూ పునాదులకు ముందే సొమ్ము చెల్లించే కొనుగోలుదారుకు ఈ భేదం పట్టింపు లేనిది కాదు. భారతదేశంలో 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, ఏ రూపంలోని ప్రచారాన్నైనా ప్రకటనగానే పరిగణిస్తుంది. ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి సొమ్ము చెల్లించి నష్టపోయినవారికి ప్రమోటరు పరిహారం ఇవ్వాలని 12వ సెక్షను చెబుతోంది. తప్పుకోదలచినవారికి పెట్టుబడిని వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. ఈ దృష్టితో చూస్తే వాక్‌త్రూ ప్రచారచిత్రమే కాదు, సాక్ష్యం కూడా. తెర అడుగున చిన్న అక్షరాల్లో 'ఊహాచిత్రం' అనే గమనిక వెలువడేది అందుకే కావచ్చు.