కనబడని అగ్గి

కోవిల్‌పట్టిలో ఎక్కిన బస్సు సాత్తూరు దాటింది. కిటికీ బయట నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. మీ పక్క సీట్లో అవ్వ. పొద్దుటి నుంచి ఆకూ వక్కా పొగాకూ ఏవీ ముట్టలేదు గానీ, నడుముకు దోపిన తిత్తిని ఆమె వేళ్లు తడుముతూనే ఉన్నాయి. విరుదునగర్‌లో దిగి రెండు వీధులు నడిస్తే ఆసుపత్రి. మెట్ల మీద ఆగి మళ్లీ అదే మాట: “నొప్పే లేదు కదరా నాయనా, దేనికీ తిరుగుడు?”

చిక్కంతా అక్కడే ఉంది. ఎడమ బుగ్గ లోపల, ఏళ్ల తరబడి పొగాకు ముద్ద అదిమిపెట్టుకున్న చోట, గీకినా పోని తెల్లమచ్చ. డాక్టర్లు ల్యూకోప్లేకియా అంటారు. కిందటిసారి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే, కణాల వరస కొంచెం చెదిరిందనీ, కేన్సరు మాత్రం కాదనీ తేలింది. ఇవాళ ఆ మచ్చను లేజరుతో తీస్తారు. మచ్చ అందరికీ ఒకేచోట రాదు. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి పెట్టుకుంటారు. అక్కడి పల్లెల్లో 10,169 మందిని పరీక్షించిన అధ్యయనం 1971లో అచ్చయింది. వాళ్ల మచ్చలు అంగిట్లో, మన అవ్వది బుగ్గలో. అలవాటు ఎక్కడ కూర్చుంటే మచ్చా అక్కడే.

“వాయ తొరంగ పాట్టీ (నోరు తెరవండి అవ్వా),” అంటుంది డాక్టరమ్మ. అవ్వ అరవంలోనే బదులిస్తుంది. మత్తుసూది దిగగానే తిట్టు మాత్రం తెలుగులో వస్తుంది.

తలుపు మూస్తారు. మీ కళ్లకూ అద్దాలు పెడతారు. అవ్వ పళ్లు లేజరు తగిలి దెబ్బతినకుండా వాటి మీద తడి గుడ్డ పరుస్తారు. బుగ్గలో ఎర్రటి చుక్క వాలుతుంది. అది గురి చూపడానికే. కోసే వెలుగు వేరే. కార్బన్ డయాక్సైడ్ లేజరు అలల పొడవు 10,600 నానోమీటర్లు, మనిషి కంటికి అందదు. బుగ్గ లోపలి పొరలోని నీరు దాన్ని తాగేసి ఆ క్షణంలోనే ఆవిరైపోతుంది. 1964లో బెల్ ల్యాబ్స్‌లో ఈ లేజరును కనిపెట్టిన కుమార్ పటేల్ పుట్టింది మన దేశంలోని బారామతిలోనే.

డాక్టరమ్మ కాలితో పెడల్ నొక్కుతుంది. చిటచిట. వెంట్రుక కాలిన వాసన. పొగను గొట్టం లాగేసుకుంటున్నా ముక్కుకు కొంత తగులుతుంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పుల్లలు నింపిన అవ్వ, మంట లేకుండా కాలుతున్నదేమిటో అర్థంకాక నుదురు ముడుస్తుంది.

మచ్చనంతా కాల్చి పొగ చేసేయొచ్చు, పని తొందరగా అవుతుంది కూడా. డాక్టరమ్మ అలా చెయ్యదు. అంచు చుట్టూ గీసి, మచ్చను పొరలా లేపి, ఫార్మలిన్ సీసాలో వేస్తుంది. కాలిపోయినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చదవలేరు కదా. ఆ గదిలో లేజరు కంటే ఆ సీసానే ముఖ్యం.

నెత్తురు దాదాపు లేదు, కుట్లు అసలే లేవు. బుగ్గలో మాడిన పెనంలాంటి గోధుమరంగు మరక మిగిలింది. దాని మీద పచ్చటి తెలుపు పొర కడుతుంది, చీము అనుకుని గోకొద్దని చెప్పారు. మానడానికి కొన్ని వారాలు పడుతుంది. అన్నాళ్లూ చల్లారిన సజ్జంబలి, మజ్జిగ. కారం వద్దు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి పల్లీ చిక్కీ అసలే వద్దు.

“పొగాకు మానేస్తాను. ఒట్టి వక్క వేసుకోవచ్చా?” మత్తులో అవ్వ మాట ముద్దగా వస్తుంది.

“కూడదు పాట్టీ. వక్క ఒక్కటే నమిలినా కేన్సరు వచ్చే ప్రమాదం ఉంది. ఇవాళ తీసింది ఈ మచ్చనే, పక్కనే మళ్లీ రావచ్చు.”

తిరుగు బస్సులో అవ్వ తిత్తి మూతి విప్పింది. మూడు నెలల తర్వాతి తారీఖు రాసిన చీటీని నాలుగు మడతలు పెట్టి లోపలికి తోసింది. వక్కలింకా అందులోనే ఉన్నాయి. తాడు బిగించి, తిత్తి మీ చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగింది.